వర్గాలు కొట్టేసుకోవు

చిక్కడపల్లి, హైదరాబాదు

చిరంజీవులు సోనూకి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న సెలవుల్లో నీళ్లు కలిపిన పాలచుక్కను మైక్రోస్కోప్ కింద చూశారు కదా. కొవ్వు బొట్లు అలా వణుకుతుంటే "వీటికి ప్రాణం ఉందా తాతయ్యా?" అని అడిగింది బుజ్జి. 1827లో పుప్పొడి లోపలి రేణువులను చూసినప్పుడు వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్‌కీ అదే సందేహం వచ్చింది. రాతిపొడి వేసి చూశాడు. అదీ వణికింది! నీటి అణువులు అన్నివైపులా కొట్టే దెబ్బలే కారణమని 1905లో ఐన్‌స్టీన్ లెక్క కట్టాడు.

ఆ లెక్క కీలకం మీకూ అందుతుంది. నాణెం ఎగరేయండి. బొమ్మయితే అడుగు ముందుకు, బొరుసయితే వెనక్కి. అడుగులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. వాటి వర్గాలు, అంటే దాన్ని దానితోనే గుణిస్తే వచ్చేవి, మాత్రం కొట్టేసుకోవు, మైనస్ ఒకటి వర్గమూ ఒకటే కదా. అందుకే 100 సార్లకు దూరం వర్గం సగటున 100, అంటే దూరం ఇంచుమించు 10. రెట్టింపు దూరానికి నాలుగింతల సమయం పడుతుంది.

మార్పులను లెక్కకట్టే మామూలు కాలిక్యులస్‌లో అతిచిన్న మార్పు వర్గాన్ని వదిలేస్తాం. ఇక్కడ వదిలితే లెక్క తప్పుతుంది, ఎందుకంటే ఆ వర్గాలన్నీ పోగుపడితే గడిచిన కాలమంత అవుతాయి. 1942లో, యుద్ధకాలంలో, టోక్యోలో గణాంక కార్యాలయంలో పనిచేస్తున్న గణితవేత్త కియోషి ఇటో ఈ వర్గాన్ని పట్టుకునే యాదృచ్ఛిక అవకలన సమీకరణాలకు, అంటే నాణెం ఆటలాంటి కదలికలను లెక్కకట్టే సమీకరణాలకు, దారి వేశాడు. అంత చిన్న వయసులో, ఆ రోజుల్లో! తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

దాని ప్రభావం చూడండి. వంద రూపాయలు. బొమ్మ పడితే 50 శాతం పెరుగుతాయి, బొరుసు పడితే 40 శాతం తగ్గుతాయి. సగటు లాభం 5 శాతం. కానీ ఒక బొమ్మ, ఒక బొరుసు పడితే మిగిలేది 90! ఆ 5 శాతం నుంచి అటూ ఇటూ ఊగిసలాట 45 శాతం, అంటే 0.45. ఇటో లెక్క ప్రకారం దాని వర్గంలో సగం, అంటే 0.10, సగటు 0.05 లోంచి తీసేస్తే మైనస్ 0.05. ఆటకో 5 శాతం కరుగుతున్నట్టే.

ఇప్పుడు సోనూ 100తో, బుజ్జి 200తో, ఒకే నాణెంతో ఆడారనుకోండి. ఇద్దరి మధ్య తేడా కూడా అదే వేగంతో కరుగుతుంది. వానకాలువలో వేరువేరు చోట్ల వదిలిన రెండు కాగితప్పడవలు కలుస్తాయా, విడిపోతాయా అన్నదీ ఈ జాతి ప్రశ్నే. తేడా ఎంత వేగంగా కరుగుతుందో, పెరుగుతుందో చెప్పే సంఖ్యను లియపునోవ్ సూచిక అంటారు. అది రుణమైతే, అంటే మైనస్ అయితే, పక్కపక్కనున్నవి దగ్గరవుతాయి, ధనమైతే విడిపోతాయి.

గచ్చిబౌలి వైపు సి.ఆర్. రావు రోడ్డు మీద వెళ్లాం, గుర్తుందా? గణాంక శాస్త్రవేత్త అయిన ఆ రావుగారి శిష్యుడు ఎస్.ఆర్. శ్రీనివాస వరదన్‌కు ఈ సంభావ్యత శాస్త్రానికే 2007లో గణితానికిచ్చే ఆబెల్ బహుమతి వచ్చింది.

ఆదివారం 40 సార్లు ఎగరేసి, ప్రతిసారీ ఎవరి దగ్గర ఎంత ఉందో వరసగా రాసి పంపండి. ఇద్దరికీ నాణెం ఒకటే ఉండాలి సుమా.

మీ తాతయ్య