షుగర్ కంటికి లేజరా, ఇంజెక్షనా?

షుగర్ వల్ల కంటి వెనుకభాగంలో వెలుగును పట్టే పొర, రెటీనా, దెబ్బతినడం మొదలైనా చాలాకాలం ఏమీ తెలియదు. నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు, పేపరు ఎప్పటిలాగే చదువుకుంటారు. లోపల మాత్రం సన్నని రక్తనాళాలు ఒక్కొక్కటే మూసుకుపోతుంటాయి. ఆక్సిజన్ అందని రెటీనా విఇజిఎఫ్ అనే ప్రోటీన్‌ను వదులుతుంది. కొత్త నాళాలు పుట్టాలన్న సంకేతం అది. నాళాలు పుడతాయి గానీ గట్టిగా ఉండవు, చిట్లి కంట్లో రక్తం చేరుతుంది. పాత నాళాల నుంచీ నీరు ఊరి, రెటీనా నడిమధ్యనున్న మాక్యులా ఉబ్బుతుంది. మనం అక్షరాలు చదివేదీ, మనుషుల ముఖాలు గుర్తుపట్టేదీ దానితోనే.

ముందుగా వచ్చిన వైద్యం కాల్చడం. 1945 సూర్యగ్రహణాన్ని నేరుగా చూసి మాక్యులా కాలినవాళ్లను జర్మన్ కంటి డాక్టర్ గెర్డ్ మేయర్ ష్వికెరాత్ పరీక్షించారు. వెలుగు రెటీనాను కాల్చగలిగితే, కావలసిన చోట మనమే కాల్చవచ్చు కదా అని ఆయనకు తట్టింది. మొదట ఎండనే అద్దాలతో కంట్లోకి మళ్లించారు, తర్వాత జినాన్ దీపం వాడారు. 1960లో లేజర్ పుట్టాక పని సులువైంది.

బాగుచేయాల్సిన రెటీనాను కాల్చడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. నాకు మాత్రం ఈ వైద్యంలో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే. మాక్యులా జోలికి పోకుండా, అంచుల్లో ఆక్సిజన్ అందక అల్లాడుతున్న భాగంలో వెయ్యికి పైగా చిన్న చిన్న మచ్చలు పెడతారు. కాలిన చోట ఆక్సిజన్ అవసరం ఉండదు, విఇజిఎఫ్ తగ్గుతుంది, కొత్త నాళాలు ముడుచుకుపోతాయి. పక్కచూపు, చీకట్లో చూపు కాస్త తగ్గవచ్చు. కానీ చూపు దాదాపుగా పోయే ప్రమాదం సగానికి పైగా తగ్గుతుందని 1970లలో అమెరికాలో జరిగిన పెద్ద పరిశోధన తేల్చింది.

ఇంజెక్షన్ దారి వేరు. అది నేరుగా విఇజిఎఫ్‌నే పట్టేస్తుంది. బెవాసిజుమాబ్ అనే ఇంజెక్షన్ మందుకు 2004లో అనుమతి వచ్చింది పెద్దపేగు క్యాన్సర్‌కు, ఎందుకంటే గడ్డలు కూడా ఇదే ప్రోటీన్‌తో రక్తనాళాలు పెంచుకుంటాయి. మరుసటి ఏడాదే కంటి డాక్టర్లు దాన్ని కంట్లో వాడి చూశారు. క్యాన్సర్ సీసాలోని మందును చిన్న చిన్న డోసులుగా పంచడంతో ఖర్చు బాగా తగ్గింది.

కంట్లో సూది అనగానే అందరికీ టెన్షనే. జరిగేది ఇంతే: తిమ్మిరి చుక్కలు వేస్తారు, అయోడిన్ మందుతో కన్ను శుభ్రం చేస్తారు, రెప్ప పడకుండా క్లిప్ పెడతారు. పక్కకు చూడమంటారు కాబట్టి సూది కనపడదు. నల్లగుడ్డు అంచు నుంచి 4 మిల్లీమీటర్ల దూరంలో, తెల్లగుడ్డు గుండా 0.05 మిల్లీలీటర్ల మందు వెళ్తుంది. కొద్ది సెకన్ల పని. తర్వాత గాలిబుడగల్లాంటి నల్లచుక్కలు తేలుతూ కనిపిస్తే కంగారు అక్కర్లేదు. నొప్పి, ఎరుపు పెరుగుతూ చూపు తగ్గితే మాత్రం ఇన్ఫెక్షన్ కావచ్చు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

మాక్యులా ఉబ్బి చూపు తగ్గినవాళ్లకు ఈరోజు మొదట ఇచ్చేది ఎక్కువగా ఇంజెక్షనే. చిక్కల్లా దాని పనితనం వారాల్లో తగ్గిపోవడం. మొదట్లో నెలనెలా వేయించుకోవాలి. చూపు కాస్త తేటపడగానే, తోడు వచ్చేవాళ్లకు సెలవు దొరకకో, డబ్బు సర్దుబాటు కాకో మానేసేవాళ్లు ఎందరో. కొత్త నాళాలు పుట్టి, ఆరు నెలలకు పైగా ఆసుపత్రికి రాని రోగుల గురించి 2019లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. లేజర్ చేయించుకున్నవాళ్లకన్నా ఇంజెక్షన్లు మాత్రమే తీసుకున్నవాళ్ల కళ్లు ఎక్కువగా దెబ్బతిన్నాయి, రెటీనా ఊడిపోయిన కేసులూ వాళ్లలోనే ఎక్కువ.

అందుకే ఏ వైద్యమన్నది స్కాన్ రిపోర్టు ఒక్కటే చెప్పలేదు. ఏడాదిలో ఎన్నిసార్లు రాగలరో, ఎవరు తీసుకొస్తారో మొహమాటపడకుండా డాక్టరుగారికి చెప్పండి. కొత్త నాళాలు, మాక్యులా వాపు రెండూ ఉన్నవాళ్లకు ఇంజెక్షన్‌తో వాపు తగ్గిస్తూ, అంచులకు లేజర్ కూడా చేయడం మామూలే.