రోలర్ కోస్టర్ ఎందుకంత చప్పుడు చేస్తుంది?

రోలర్ కోస్టర్‌లో అసలు పరుగు మొదలవకముందే గుండెలు అదరగొట్టేది ఒక చప్పుడు. రైలు మొదటి ఎత్తు మీదికి మెల్లగా ఎక్కుతుంటే కింద నుంచి టకటకమని వస్తుందే, అది. ఏ బోల్టో ఊడిందేమో, రైలును పైకి లాగే గొలుసు తెగిపోతుందేమో అని కళ్ళు మూసుకునేవాళ్ళుంటారు. నిజానికి భయపడాల్సిన పనేమీ లేదు. మనల్ని వెనక్కి జారకుండా కాస్తున్నదాని చప్పుడే అది.

రైలు పెట్టె అడుగున ఒక ఇనుప నాలుక ఉంటుంది. పట్టాల మధ్య పళ్ళున్న ఇనుప పట్టీ వాలు పొడవునా ఉంటుంది. రైలు పైకి కదిలేకొద్దీ ఆ నాలుక ఒక్కో పన్నూ ఎక్కి అవతలికి పడుతుంది. పడ్డప్పుడల్లా ఒక ‘టక్’. గొలుసు తెగినా, కరెంటు పోయినా రైలు కిందటి పన్ను దగ్గరే ఆగిపోతుంది. సైకిల్ తొక్కడం ఆపి ఊరికే పోనిస్తే వెనక చక్రంలో వినిపించే టిక్‌టిక్ కూడా ఈ జాతిదే. అమెరికా ఇంజనీరు జాన్ మిల్లర్ 1910లో రోలర్ కోస్టర్‌లోని ఈ ఇనుప నాలుకకు పేటెంటు తీసుకున్నాడు. ఇప్పుడు చప్పుడు చేయని పద్ధతులూ వచ్చాయి గానీ, నన్నడిగితే ఆ టకటక లేకపోతే సగం మజా పోయినట్టే.

మిల్లర్ చేసిన అసలు మేలు 1919 నాటిది. అంతకుముందు చాలావరకు పెట్టెలు తమ బరువుతోనే పట్టాల మీద నిలిచేవి. 1884లో న్యూయార్క్ దగ్గరి కోనీ ఐలాండ్‌లో లామార్కస్ థామ్సన్ నడిపిన రైలు వేగం గంటకు 10 కిలోమీటర్లే, దానికి అది సరిపోయింది. మిల్లర్ పట్టా కింద కూడా చక్రాలు బిగించాడు. ఈనాటి పెట్టెకు పైన, పక్కన, అడుగున మూడు రకాల చక్రాలుంటాయి. లూప్‌లో తలకిందులైనప్పుడు మనల్ని కాపాడేవి ఆ అడుగు చక్రాలే అనుకుంటాం. కానీ వేగం చాలినంత ఉంటే అక్కడ రైలు తనంతట తనే పట్టాకు అదుముకుని ఉంటుంది. వాటికి అసలు పని పడేది గుట్ట శిఖరం మీద, ఒళ్ళు సీట్లోంచి తేలిపోయినట్టనిపించే క్షణంలో. మనతో పాటు పెట్టె కూడా లేవబోతుంది. అడుగు చక్రాలు దాన్ని లేవనివ్వవు.

ఇక దూరానికి కూడా వినిపించే ఆ హోరు. 1959లో అమెరికాలోని డిస్నీలాండ్‌లో మొదలైన మాటర్‌హార్న్ అనే రోలర్ కోస్టర్‌తో ఉక్కు గొట్టాల పట్టాలు వచ్చాయి. లోపల బోలు కాబట్టి చక్రాల అదురుకి పట్టా మొత్తం మోగుతుంది. చుట్టుపక్కల ఇళ్ళున్నచోట కొన్ని పార్కులు పట్టాల లోపల ఇసుక నింపుతాయి. అదురు ఇసుక రేణువుల రాపిడిలో ఖర్చయిపోతుంది, హోరు తగ్గుతుంది. కేకలకు మాత్రం ఇసుక పనిచేయదు!

స్టేషన్ దగ్గర వినిపించే ‘బుస్’ చాలా రైళ్ళలో బ్రేకులు పట్టుకుంటున్న చప్పుడు. ఆ బ్రేకులను తెరిచి ఉంచేది గాలి పీడనం, మూసేది స్ప్రింగు. గాలి లీకైతే బ్రేకు పడుతుందే తప్ప వదిలిపోదు. అయస్కాంతాల బ్రేకులైతే చడీచప్పుడూ లేనివి. అయస్కాంతాల మధ్య రాగి రేకు దూసుకుపోతుంటే ఆ రేకులో సుళ్ళుగా పుట్టే విద్యుత్ ప్రవాహాలే (ఎడ్డీ కరెంట్లు) వేగాన్ని తగ్గిస్తాయి. ఈ బ్రేకులకు బయటి కరెంటు సరఫరాతో పనే లేదు.

చప్పుడు చేయని భద్రత ఇంకొకటుంది, అన్నిటికన్నా ముఖ్యమైనది. రైల్వేలో లాగే ట్రాక్‌ను బ్లాకులుగా విడగొడతారు. ఒక బ్లాకులో ఒక్క రైలే ఉండాలి. ముందు బ్లాకు ఖాళీ కాకపోతే వెనక రైలును కంప్యూటర్ కదలనివ్వదు. ఇంగ్లండ్‌లోని ఆల్టన్ టవర్స్‌లో 14 సార్లు తలకిందులు చేసే ‘స్మైలర్’ అనే రోలర్ కోస్టర్ ఉంది. 2015 జూన్ 2న దాని మీద ఒక ఖాళీ రైలు దారిలో ఆగిపోయింది. కంప్యూటర్ వెనక రైలును ఆపేసి తన పని తాను చేసింది. సిబ్బంది అది యంత్రం పొరపాటనుకుని, ఆ ఆజ్ఞను పక్కన పెట్టి, మనుషులున్న ఆ రైలును వదిలారు. అది వెళ్ళి ఖాళీ రైలును గుద్దింది. 16 మంది గాయపడ్డారు, ఇద్దరు కాళ్ళు పోగొట్టుకున్నారు. మరుసటి ఏడు కోర్టు 50 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. ఇనుమో చక్రాలో విరిగి జరిగిన ప్రమాదం కాదది.

ఇంతకీ థీమ్ పార్కుల్లో వినిపించేవన్నీ యంత్రం చప్పుళ్ళే కావు. ఫ్లోరిడాలోని డిస్నీ పార్కులో చీకట్లో నడిచే రోలర్ కోస్టర్ స్పేస్ మౌంటెన్ వేగం గంటకు దాదాపు 45 కిలోమీటర్లు, ఊళ్ళో బైకు వేగం! చీకటి, శబ్దం కలిసి దాన్ని రెట్టింపుగా అనిపింపజేస్తాయి. 1995లో పారిస్‌లో తెరిచిన స్పేస్ మౌంటెన్‌లో సంగీతాన్ని రైలులోనే స్పీకర్లు పెట్టి, పరుగుకి తగ్గట్టు వినిపించారు. ఇందులో చిక్కొకటుంది. పొద్దున చల్లగా ఉన్న చక్రాలు నెమ్మదిగా నడుస్తాయి, మధ్యాహ్నానికి వేడెక్కి జోరందుకుంటాయి. ఎక్కినవాళ్ళ బరువును బట్టి కూడా తేడా వస్తుంది. మలుపు రాకముందే దానికి తగ్గ సంగీతం వచ్చేస్తే ఏం బాగుంటుంది? అందుకే ఇలాంటి రైళ్ళలో పాటను మొదలుపెట్టి దాని మానాన వదిలేయకుండా, రైలు ఎక్కడికొచ్చిందో సెన్సర్లతో కనిపెట్టి తర్వాతి ముక్క అందిస్తారు. ఏ బ్లాకులో రైలుందో కంప్యూటర్‌కు చెప్పేవీ సెన్సర్లే.