జనవరి అడిగితే మార్చి ఎందుకొస్తుంది? డేట్ ఎర్రర్ల వెనక పాత కథ

వెబ్ పేజీల్ని నడిపే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్ రాసేవాళ్ళు ఏదో ఒకరోజు ఈ తేదీల గోతిలో పడే ఉంటారు. జనవరి 31 కావాలని అందులో తేదీలు తయారుచేసే డేట్ కి 2024, 1, 31 అని మూడు అంకెలు ఇస్తాం, స్క్రీన్ మీద మార్చి 2 కనిపిస్తుంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. దాని లెక్కలో నెలలు సున్నా నుంచి మొదలు, 1 అంటే ఫిబ్రవరి, ఆ ఏడాది ఫిబ్రవరికి 29 రోజులే, మిగిలిన రెండు రోజుల్ని మార్చిలోకి తోసేసింది. అదే జనవరి 10 అడిగుంటే గమ్మున ఫిబ్రవరి 10 ఇచ్చి ఊరుకునేది, అది ఇంకా డేంజర్, చూడ్డానికి బానే ఉంటుంది కాబట్టి ఎప్పటికోగానీ దొరకదు.

దీనికి జావాస్క్రిప్ట్ ని తిట్టుకుంటాం గానీ పాపం ఇది దాని సొంత తప్పు కాదు. అంతకంటే పాతదైన సీ లాంగ్వేజ్ లో తేదీ, సమయం దాచే టైమ్ స్ట్రక్చర్ ఉంది కదా, అందులో నెల 0 నుంచి 11, తేదీ మాత్రం 1 నుంచి 31, సంవత్సరమేమో 1900 తర్వాత ఎన్నేళ్ళయిందో అంత. నెల అంకె సున్నా నుంచి ఉంటే నెలల పేర్ల అర్రే (సున్నా నుంచి లెక్కపెట్టే జాబితా) లోంచి నేరుగా పేరు తీసుకోవచ్చు, తేదీలకి పేర్లుండవు కాబట్టి అవి మనుషుల లెక్కలోనే ఉండిపోయాయి. జావా అనే ఇంకో భాషలో తేదీల పని చూసే మొదటి డేట్ క్లాస్ కూడా ఇదే పద్ధతి పట్టుకుంది. 1995లో నెట్‌స్కేప్ కంపెనీ ఇంజనీరు బ్రెండన్ ఐక్ పది రోజుల్లో జావాస్క్రిప్ట్ మొదటి రూపం తయారుచేసినప్పుడు జావాలా కనిపించాలన్నది పైవాళ్ళ మాట, దాంతో డేట్ ని కూడా జావా నుంచి అచ్చుగుద్దినట్టు దింపేశారు. తమాషా ఏంటంటే 1997లో జావా 1.1 వచ్చేసరికి జావా వాళ్ళే ఆ క్లాస్ లో చాలా మెథడ్లు ఇక వాడొద్దని చెప్పి క్యాలెండర్ అని కొత్తది తెచ్చారు, అందులోనూ జనవరి సున్నానే! అది 1 అవ్వడానికి 2014లో జావా 8 దాకా ఆగాల్సొచ్చింది. జావాస్క్రిప్ట్ డేట్ ని అలా మార్చడానికి వీల్లేదు, మారిస్తే పాత వెబ్ పేజీలన్నీ ఒక నెల జరిగిపోతాయి.

ఎక్సెల్ ది ఇంకా ముదురు కేసు. అది 1900 జనవరి 1ని 1 అనుకుని, ప్రతి తేదీని రోజుల లెక్కగా ఒక అంకెలో దాచుకుంటుంది. ఖాళీ సెల్ లో 60 కొట్టి ఫార్మాట్ డేట్ కి మార్చి చూడండి, 1900 ఫిబ్రవరి 29 అని వస్తుంది. అలాంటి రోజే లేదు. వందతో భాగం పోయే సంవత్సరం నాలుగొందలతో కూడా పోతేనే లీపు, అందుకే 2000 లీపు, 1900 కాదు. ఈ లేని రోజు 1983లో వచ్చిన లోటస్ 1-2-3 అనే స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రామ్ నుంచి వచ్చింది. ఎక్సెల్ వచ్చేనాటికి జనం షీట్లన్నీ లోటస్ లోనే ఉన్నాయి, వాటిని తెరిస్తే తేదీలు ఒకరోజు అటూ ఇటూ అవ్వకూడదని మైక్రోసాఫ్ట్ వాళ్ళు తెలిసి తెలిసీ ఆ తప్పుని అలాగే ఉంచేశారు. అందుకే ఎక్సెల్ అంకెని కోడ్ లో తేదీగా మార్చాలంటే 1899 డిసెంబర్ 30 నుంచి లెక్కపెట్టాలి. 1 అంటే జనవరి 1 కదా, సున్నా డిసెంబర్ 31 అవ్వాలి కదా అని నేను రెండు సాయంత్రాలు తల బాదుకున్నాను, ప్రతి తేదీ ఒకరోజు ఎక్కువే వస్తోంది, చివరికి ఆ లేని ఫిబ్రవరి 29ని తీసేయడానికే ఒకరోజు వెనక్కి జరగాలని అర్థమైంది. అన్నట్టు తేదీలన్నీ 1462 రోజులు తేడాగా ఉంటే ఆ ఫైలు పాత మ్యాక్ ది అయ్యుండొచ్చు, అక్కడ లెక్క 1904 నుంచి మొదలు.

ఇంకోటి, ఒకరోజు తగ్గిపోయే గొడవ. 2024-03-10 అని హైఫన్లతో స్ట్రింగ్ ఇస్తే జావాస్క్రిప్ట్ దాన్ని యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకే ప్రామాణిక సమయం) అర్ధరాత్రి అనుకుంటుంది, అప్పటికి అమెరికాలో ఇంకా ముందురోజే కాబట్టి అక్కడి యూజర్ కి 9వ తేదీ కనిపిస్తుంది. అదే స్లాష్ లతో ఇస్తే బ్రౌజర్లు లోకల్ టైమ్ గా తీసుకుంటాయి. 2009 నాటి జావాస్క్రిప్ట్ స్టాండర్డ్ లో యూటీసీ అని రాశారు, 2015లో లోకల్ అన్నారు, 2016లో తేదీ ఒక్కటే ఉంటే యూటీసీ, పక్కన టైమ్ కూడా ఉంటే లోకల్ అని సర్దుబాటు చేశారు. ఒకే ఫంక్షన్ కి రెండు రూల్స్ ఎలా వచ్చాయంటే ఇలా వచ్చాయి.

ఇక 1970. యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఆ ఏడాది జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడుతుంది, జావా, జావాస్క్రిప్ట్ మిల్లీసెకన్లు. కాబట్టి స్క్రీన్ మీద 1970 జనవరి 1 కనిపిస్తే ఎక్కడో విలువ ఖాళీగానో సున్నాగానో వచ్చిందేమో చూడాలి, 1970 జనవరి 20, 21 ఆ చుట్టుపక్కల కనిపిస్తే మాత్రం సర్వర్ సెకన్లు పంపింది, మనం వెయ్యితో గుణించడం మర్చిపోయాం.