టీకా కార్డు నిండినా తట్టు ఎందుకొస్తుంది?

విశాఖలో బుధ, శనివారాల్లో టీకాలకు పిల్లల్ని ఎత్తుకొచ్చే తల్లులు ఏఎన్ఎంను (టీకాలు వేసే నర్సును) తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "తొమ్మిదో నెలలో వేయించాం కదమ్మా, మరి తట్టు ఎలా వచ్చింది?" కసురుకుని పంపేయాల్సిన ప్రశ్న కాదిది. పెద్ద పెద్ద దేశాల ఆరోగ్య శాఖలు కూడా దీని దగ్గరే ఏళ్ల తరబడి తడబడ్డాయి.

తట్టు టీకా అమెరికాలో 1963లో వచ్చింది. ఒక్క డోసు చాలనుకున్నారు. 1982కల్లా జబ్బును దేశంలో లేకుండా చేస్తామని 1978లో లక్ష్యం కూడా పెట్టుకున్నారు. అది నెరవేరలేదు. 1985లో టెక్సస్‌లోని కార్పస్ క్రిస్టీలో, 99 శాతానికి పైగా పిల్లలకు టీకా పడిన రెండు స్కూళ్లలో తట్టు పాకింది. 1,806 మంది రక్తం పరీక్షిస్తే 74 మందిలో యాంటీబాడీలు కనబడలేదు. జబ్బుపడిన 14 మందీ ఆ 74 మందిలోని వాళ్లే. మిగిలిన 1,732 మందిలో ఒక్కరికీ రాలేదు. అంటే టీకా పట్టినవాళ్లను బాగానే కాపాడింది, కొందరికి మాత్రం అది పట్టనే లేదు. 1989లో అక్కడ రెండో డోసు తప్పనిసరని తేల్చారు.

మన దేశంలో సార్వత్రిక టీకాల కార్యక్రమంలోకి తట్టు టీకా వచ్చింది కూడా 1985లోనే, తొమ్మిదో నెలలో ఒక్క డోసుగా. ఆ వయసును ఊరికే పెట్టలేదు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఉన్నంతకాలం టీకా సరిగా పట్టదు. అలాగని ఏడాది నిండేదాకా ఆగితే ఈలోపే తట్టు సోకి, న్యుమోనియాతోనో విరేచనాలతోనో పసివాళ్లు చనిపోయేవారు. అందుకే తొమ్మిదో నెలలో వేస్తే సుమారు 85 శాతం మందికే అది పనిచేస్తుందని తెలిసినా ఆ వయసే ఖాయం చేశారు.

ఇప్పుడు లెక్క వేయండి. వెయ్యి మంది పిల్లల్లో 950 మందికి ఒక డోసు వేస్తే దాదాపు 807 మందికి రక్షణ వస్తుంది. వేయించుకోని 50 మందికి, వేసినా పట్టని 143 మంది తోడవుతారు. తట్టు పాకితే కార్డున్న పిల్లలే ఎక్కువగా కనబడతారు. అది చూసి టీకా దండగ అనుకోవడం ఎంత సులువో, అంత ప్రమాదం. ఒక్క రోగి నుంచి 12 నుంచి 18 మందికి అంటుకోగల జబ్బు ఇది. 95 శాతం మందికి నిజంగా రక్షణ ఉంటే తప్ప ఆగదు.

మన దగ్గర రెండో డోసు 2010లో మొదలైంది. 2017 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో 15 ఏళ్లలోపు పిల్లలకు స్కూళ్లలోనే ఎంఆర్ (తట్టు, రుబెల్లా రెండింటికీ కలిపి వేసే) టీకా వేశారు. అయినా 16 నుంచి 24 నెలల మధ్య వేయాల్సిన ఆ రెండో డోసును చాలామంది బూస్టరే కదా, తర్వాత చూద్దాంలే అంటారు. మొదటిసారి పట్టని బిడ్డకు దొరికే రెండో అవకాశం అదే.

విశాఖలో నాకు టెన్షన్ పెట్టేది టీకాలు పడిన పిల్లల జిల్లా సగటు అంకె. 2022 ఏప్రిల్‌లో పాడేరు, అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాక, విశాఖ జిల్లా అంటే దాదాపు నగరమే. ఏజెన్సీ లెక్కలు వేరే పట్టికలో చేరాయి. జబ్బు ముదిరిన మన్యం పిల్లల్ని మాత్రం ఇప్పటికీ విశాఖలోని కేజీహెచ్‌కే (కింగ్ జార్జ్ ఆసుపత్రికే) తెస్తారు. నగరంలోనూ అపార్ట్‌మెంట్లు కట్టే చోట షెడ్లలో ఉండే వలస కూలీల పిల్లల కార్డు ఊళ్లో ఉండిపోతుంది, రెండో డోసు ఎక్కడా పడదు. ఒక్క బిడ్డే వచ్చినా, పలు డోసులుండే వయల్ (మందు సీసా) తెరవాలని నిబంధన ఉంది. కలిపిన మందు నాలుగు గంటలకు మించి పనికిరాదు కాబట్టి, వృథా అవుతుందన్న భయంతో "వచ్చే వారం రండి" అంటే, రోజు కూలీ వదులుకుని వచ్చిన తల్లి మళ్లీ వస్తుందా?

అమ్మవారు పోసిందని వేపాకులు కట్టి ఇంట్లోనే ఉంచితే ఆ కేసు లెక్కకే రాదు. జ్వరంతో దద్దుర్లు వస్తే ఆశా కార్యకర్తకు చెప్పాలి. రక్తనమూనా తీస్తారు, విటమిన్ ఎ ఇస్తారు, చుట్టుపక్కల ఇళ్లలో డోసులు తప్పిన పిల్లలెవరో చూస్తారు. దేశం నుంచి తట్టును తొలగించే గడువు 2020 అన్నారు, 2023 అన్నారు, ఆ తర్వాత 2026కు జరిపారు. దానికి ప్రతి జిల్లాలోనూ రెండు డోసులూ 95 శాతం దాటాలి.