‘అసాధారణంగా’ అనడానికి ఇంగ్లీషు అడ్వర్బులు: అపోహలు - వాస్తవాలు

అపోహ: అన్‌యూజువల్లీ, ఎక్సెప్షనల్లీ, అబ్‌నార్మల్లీ... అన్నీ ఒకటే. ఏది వాడినా నడుస్తుంది.

వాస్తవం: నిఘంటువులో దాదాపు అన్నిటికీ ‘అసాధారణంగా’ అనే అర్థమే దొరుకుతుంది. చిక్కంతా అక్కడే. ఇవి తీవ్రతలో కన్నా, దేనితో పోలుస్తున్నాయి అన్నదాంట్లో ఎక్కువ తేడాగా ఉంటాయి.

‘అన్‌యూజువల్లీ’ మామూలుగా ఉండేదానితో పోలుస్తుంది, మంచీ చెడూ చెప్పదు. దేనితో పోలుస్తున్నారో బయటపెట్టాలంటే వెనక ‘ఫర్’ చేర్చండి: ‘ఇట్ వజ్ అన్‌యూజువల్లీ కోల్డ్ ఫర్ ఏప్రిల్’. ‘అన్‌క్యారెక్టరిస్టికల్లీ’ పోల్చేది ఆ మనిషి స్వభావంతోనే. ఎప్పుడూ గలగల మాట్లాడే ఆవిడ ఆరోజు నోరు మెదపకపోతే ‘షి వజ్ అన్‌క్యారెక్టరిస్టికల్లీ క్వయట్’ అంటాం. మొదటిసారి కలిసిన మనిషి గురించి ఈ మాట రాయకూడదు. వాళ్ల స్వభావం ఏమిటో మీకు తెలియదు కదా!

‘అబ్‌నార్మల్లీ’ ఉండాల్సిన స్థాయితో పోలుస్తుంది, ఎక్కడో లోపం ఉందన్న ధ్వని వదలదు. ‘అబ్‌నార్మల్లీ హై బ్లడ్ ప్రెషర్’ సరైన వాడుక. అదే ‘అబ్‌నార్మల్లీ టాలెంటెడ్’ అని ఎవరినైనా మెచ్చుకుంటే, పొగిడారో జబ్బు పేరు చెప్పారో అర్థం కాదు. అక్కడ కావలసింది ‘ఎక్సెప్షనల్లీ’. అది తోటివాళ్లతో పోల్చి, చాలావరకు మెచ్చుకోలు వైపే మొగ్గుతుంది. ‘ఇనార్డినెట్లీ’ అంటే హద్దు మీరి అని. ‘ద మీటింగ్ వజ్ ఇనార్డినెట్లీ లాంగ్’ అన్నారంటే అది ఫిర్యాదే.

ఇక ‘అన్‌ప్రెసిడెంటెడ్లీ’ గతంతో పోలుస్తుంది. ఇంతకు ముందు ఎన్నడూ ఈ స్థాయి లేదని తేల్చుకున్నాకే రాయాలి. పైగా పలకడానికీ బరువే. ‘ప్రైసెస్ రోజ్ టు ఆన్ అన్‌ప్రెసిడెంటెడ్ లెవెల్’ అని విశేషణంతో చెబితే వాక్యం తేలిగ్గా నడుస్తుంది.

అపోహ: తెలుగులో ‘గా’ వచ్చిన ప్రతిచోటా ఇంగ్లీషులో ‘ఎల్‌వై’ పెట్టాలి.

వాస్తవం: తెలుగువాళ్ల ఇంగ్లీషులో ఎక్కువగా కనిపించే తప్పుల్లో ఇదొకటి. మన ‘గా’ రెండు పనులు చేస్తుంది. ‘వింతగా మాట్లాడాడు’లో పని జరిగిన తీరు చెబుతుంది. ‘వింతగా ఉంది’లో వస్తువు గుణం చెబుతుంది. ఇంగ్లీషులో మొదటిదానికి అడ్వర్బు, రెండోదానికి విశేషణం. అందుకే ‘దిస్ సౌండ్స్ స్ట్రేంజ్‌లీ’ తప్పు, ‘దిస్ సౌండ్స్ స్ట్రేంజ్’ ఒప్పు. లుక్, సౌండ్, స్మెల్, టేస్ట్, ఫీల్, సీమ్ క్రియలన్నిటి దగ్గరా ఈ గొడవ ఉంటుంది. పరీక్ష సులువే: క్రియ తీసి ‘ఈజ్’ పెట్టి చూడండి. ‘దిస్ ఈజ్ స్ట్రేంజ్’ అతికింది కాబట్టి విశేషణమే ఉండాలి. ‘హి లుక్డ్ యాట్ మి స్ట్రేంజ్‌లీ’లో మాత్రం ‘లుక్’ అంటే చూడటమనే పని. అక్కడ ‘వజ్’ పెడితే వాక్యమే నిలవదు, కనుక అడ్వర్బే సరి.

‘గా’లు రెండు వరసగా వస్తే ఇంకా జాగ్రత్త. ‘ఇల్లు వింతగా నిశ్శబ్దంగా ఉంది’ అన్న వాక్యంలో మొదటి ‘గా’కే ‘ఎల్‌వై’: ‘ద హౌస్ వజ్ స్ట్రేంజ్‌లీ క్వయట్’. రెండోదానికీ తగిలించి ‘క్వయట్లీ’ అనడం, మొదటిదానికి కూడా మానేసి ‘స్ట్రేంజ్ క్వయట్’ అనడం, రెండూ తప్పే.

అపోహ: ముందు ‘వెరీ’ చేరిస్తే ఇంకా బలంగా ఉంటుంది.

వాస్తవం: ‘ఎక్స్‌ట్రార్డినరిలీ’, ‘ఎక్సెప్షనల్లీ’, ‘ఇన్‌క్రెడిబ్లీ’ లోపలే ‘చాలా’ ఉంది. ‘వెరీ ఎక్సెప్షనల్లీ గుడ్’ అంటే చెప్పిందే చెప్పడం. అలాగే ‘ఎక్సలెంట్’, ‘పర్ఫెక్ట్’ లాంటి అంచు మాటల (అంతకు మించి లేదనే మాటల) ముందు ‘అన్‌యూజువల్లీ’ అతకదు. అక్కడ ‘అబ్సల్యూట్లీ’ వాడతారు. అన్నట్టు ‘ఇన్‌క్రెడిబ్లీ’ వాడి వాడి అరిగిపోయింది. మాటల్లో దాని విలువ ఇప్పుడు ‘వెరీ’ కన్నా కాస్తే ఎక్కువ.

అపోహ: వాక్యంలో ఎక్కడ పెట్టినా అర్థం మారదు.

వాస్తవం: మారుతుంది. ‘హి ఆన్సర్డ్ స్ట్రేంజ్‌లీ’ అంటే జవాబు చెప్పిన తీరు వింత. ‘స్ట్రేంజ్‌లీ, హి ఆన్సర్డ్’ అంటే అతను జవాబు చెప్పడమే వింత, తీరు మామూలుదే కావచ్చు. రెండో అర్థం రావాలంటే కామా వదలకండి. ఈ స్థానంలో ‘స్ట్రేంజ్‌లీ ఎనఫ్’, ‘ఆడ్లీ ఎనఫ్’, ‘ఫన్నిలీ ఎనఫ్’ అనడం వాడుకే, ‘ఎక్సెప్షనల్లీ ఎనఫ్’ మాత్రం లేదు. బ్రిటిష్ పద్ధతి నిబంధనల్లో ‘ఎక్సెప్షనల్లీ, ద డెడ్‌లైన్ మే బి ఎక్స్‌టెండెడ్’ అని కనిపిస్తే ‘అద్భుతంగా’ అని చదవకండి. మినహాయింపుగా గడువు పెంచవచ్చు అని దాని అర్థం.

అపోహ: ‘పెక్యూలియర్లీ’ అంటే ఎప్పుడూ విచిత్రంగా అనే.

వాస్తవం: ‘ఎ పెక్యూలియర్లీ బ్రిటిష్ హ్యాబిట్’ అంటే బ్రిటిష్ వాళ్లకే ప్రత్యేకమైన అలవాటు. అందులో విచిత్రం ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ‘సింగ్యులర్లీ’ కూడా ఇలా మోసం చేస్తుంది. చూడటానికి పొగడ్తలా ఉంటుంది గానీ ‘సింగ్యులర్లీ అన్‌సక్సెస్‌ఫుల్’ లాంటి దెప్పిపొడుపుల్లో తరచూ కనిపిస్తుంది. ‘ఇన్‌క్రెడ్యులస్లీ’ని ‘ఇన్‌క్రెడిబ్లీ’తో కలపకండి. నమ్మలేనంతగా అనేది ఇన్‌క్రెడిబ్లీ, నమ్మలేనట్టు మొహం పెట్టి అనేది ఇన్‌క్రెడ్యులస్లీ.

అపోహ: స్పెల్లింగుకు ‘ఎల్‌వై’ తగిలిస్తే చాలు.

వాస్తవం: ‘రిమార్కబుల్’, ‘ఇన్‌క్రెడిబుల్’ చివరి ‘ఇ’ పోయి ఆ చోట ‘వై’ వస్తుంది. ‘ఎక్స్‌ట్రార్డినరీ’లో ‘వై’ కాస్తా ‘ఐ’ అయ్యాక ‘ఎల్‌వై’ చేరుతుంది. ‘ఐసి’తో ముగిసేవాటికి ‘ఎఎల్‌ఎల్‌వై’ చేర్చాలి, పలికేటప్పుడు మాత్రం అందులోని ‘ఎ’ దాదాపు వినబడదు. ‘పబ్లిక్లీ’ లాంటి ఒకటీ అరా మాత్రం ఈ నియమం తప్పించుకున్నాయి.

ముందొచ్చే ఆర్టికల్ అడ్వర్బు తొలి శబ్దాన్ని బట్టి మారుతుంది, నామవాచకాన్ని బట్టి కాదు. ‘ఆన్ అన్‌యూజువల్లీ టాల్ మ్యాన్’ అంటాం, కానీ ‘ఎ యునీక్లీ గిఫ్టెడ్ చైల్డ్’. రెండిటికీ మొదటి అక్షరం ‘యు’నే అయినా, రెండోది ‘య’కారంతో మొదలవుతుంది. అడ్వర్బుకీ దాని వెనక విశేషణానికీ మధ్య హైఫన్ పెట్టేవాళ్లూ ఉన్నారు. ‘ఎల్‌వై’తో ముగిసే అడ్వర్బు ఏ మాటను వర్ణిస్తోందో దానంతట అదే తెలుస్తుంది కాబట్టి అక్కడ గీత అక్కర్లేదు.