చలానా కట్టినా లైసెన్సు ఎందుకు చేతికి రాదు?

జరిమానా కట్టిన రశీదు పట్టుకుని చాలామంది నేరుగా ఆర్టీఏ ఆఫీసుకు వెళ్తారు, పోలీసు తీసుకున్న లైసెన్సు ఇచ్చేస్తారనుకుని. ఇవ్వరు. జరిమానాది ఒక దారి, సస్పెన్షన్‌ది ఇంకో దారి. ఇది ఆఫీసువాళ్ల మొండితనం కాదు, చట్టంలోనే అలా ఉంది.

1939 నాటి చట్టం పోయి 1988 మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 19వ సెక్షన్ లైసెన్సింగ్ అధికారికి, 20వ సెక్షన్ కోర్టుకు విడివిడిగా అనర్హత వేసే అధికారం ఇచ్చాయి. అసలు ఒత్తిడి తర్వాత మొదలైంది. కోయంబత్తూరు ఎముకల వైద్యుడు ఎస్.రాజశేఖరన్ వేసిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు 2014లో జస్టిస్ కె.ఎస్.రాధాకృష్ణన్ అధ్యక్షతన రోడ్డు భద్రతా కమిటీని వేసింది. అతివేగం, సిగ్నల్ దాటడం, ఓవర్‌లోడ్, సరుకుల బండిలో మనుషుల్ని ఎక్కించడం, తాగి నడపడం, ఫోన్ మాట్లాడుతూ నడపడం: వీటికి కనీసం 3 నెలలు లైసెన్సు ఆపాలని ఆ కమిటీ 2015 ఆగస్టులో రాష్ట్రాలకు చెప్పింది. తెలంగాణ 2017 ఆగస్టు 1న పెనాల్టీ పాయింట్లు తెచ్చింది. 24 నెలల్లో 12 పాయింట్లు పడితే ఏడాది సస్పెన్షన్ అని అప్పట్లో పెట్టారు.

2019 సవరణతో లెక్క మారింది. 206(4) సెక్షన్ కింద పోలీసు లైసెన్సు తీసుకుని, రశీదు ఇచ్చి, లైసెన్సింగ్ అధికారికి పంపాలి. అధికారి మీ మాట విన్నాకే ఉత్తర్వు ఇవ్వాలి. మొదటి తప్పుకు 3 నెలలు, మళ్లీ చేస్తే లైసెన్సే రద్దు. సస్పెండ్ చేసే అధికారం పోలీసులది కాదని 2022లో కలకత్తా హైకోర్టు కూడా స్పష్టం చేసింది. అందుకే పోలీసు ఇచ్చిన ఆ రశీదు పారేయొద్దు. లైసెన్సు ఎవరి దగ్గరుందో చెప్పే కాగితం అదొక్కటే.

చలానా కట్టి రాజీ చేసుకున్నా 206(4) చర్య ఆగదని, రిఫ్రెషర్ శిక్షణ (డ్రైవింగ్ మళ్లీ నేర్పే కోర్సు) బాధ్యత తప్పదని 200వ సెక్షన్‌లో అప్పుడే రాశారు. పైగా రాజీ చేసుకున్నదీ పాత తప్పు కిందే లెక్క. గడువు తీరిందని కౌంటర్ దగ్గర నిలబడితే, శిక్షణ పూర్తిచేసిన సర్టిఫికెట్ ఏదని అడుగుతారు. మూడో నెల అయిపోయేదాకా ఆగకుండా ముందే ఆ పని చూసుకోవాలి.

ఉత్తర్వు తప్పనిపిస్తే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి. 20వ సెక్షన్ కింద కోర్టు వేసిన అనర్హత అయితే 6 నెలలు గడిచాక అదే కోర్టును ఎత్తేయమని అడగొచ్చు. ఈలోగా బండి తీస్తే 182వ సెక్షన్ కింద 3 నెలల దాకా జైలు, లేదా ₹10,000 జరిమానా, లేదా రెండూ. సస్పెన్షన్‌లో ఉండగా లైసెన్సు కాలం కూడా తీరిపోతుంటే జాగ్రత్త. ఏడాది దాటాక రెన్యువల్‌కు వెళ్తే మళ్లీ డ్రైవింగ్ టెస్టు తప్పదు.

బండి రిజిస్ట్రేషన్‌ది మరో కథ. 53వ సెక్షన్ కింద రెండు కారణాలకు ఆర్‌సీ ఆపుతారు. బండి రోడ్డు మీద ప్రమాదకరంగా ఉన్నా, నిబంధనలకు తగ్గట్టు లేకపోయినా లోపాలు సరిచేసేదాకా ఆపుతారు. దీనికి తేదీ ఉండదు. బ్రేకులో, లైట్లో, ఏది తప్పన్నారో అది బాగుచేయించి, బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించి సరే అనిపించుకోవాలి. పర్మిట్ లేకుండా కిరాయికి తిప్పితే మాత్రం గరిష్ఠంగా 4 నెలలు.

ఎక్కువమంది దెబ్బతినేది చిరునామా దగ్గర. ఆపేముందు నోటీసు రావాలి, కానీ అది ఆర్‌సీలో ఉన్న చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో వెళ్తుంది. ఇల్లు మారి రెండేళ్లయినా ఆర్‌సీలో పాత అద్దె ఇల్లే ఉంటే, కవరు ఆ గుమ్మానికే పోతుంది. మీ వాదన వినకుండానే ఉత్తర్వు వచ్చేస్తుంది. సస్పెన్షన్ ఆగకుండా 6 నెలలు నడిస్తే 54వ సెక్షన్ కింద రిజిస్ట్రేషనే రద్దు చేయొచ్చు. చిరునామా మారితే 30 రోజుల్లో ఆర్‌సీలో మార్పించుకోవాలని 49వ సెక్షన్ చెప్పేది అందుకే పట్టించుకోవాలి.