తలనొప్పి దాచుకుని పాస్ ఎక్కేవాళ్లకు: ఎత్తు మీద అపోహలు - వాస్తవాలు

మే నెల వస్తే చాలు, హిమాలయాల ట్రెక్‌కు వచ్చేవాళ్ల నుంచి నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, నేను రోజూ స్టేడియంల పది రౌండ్లు కొడత. పద్మాక్షి గుట్ట ఉరుక్కుంట ఎక్కుత. నాకు ఎత్తు పడకపోవుడు ఉండదు గదా?"

ఉంటది తమ్మీ. గుట్ట ఎక్కడానికి కావాల్సింది కాళ్లు, ఊపిరి. ఎత్తుకు అలవాటు పడటానికి కావాల్సింది రోజులు. మొదటిది ఎంత ఉన్నా రెండోదానికి బదులు రాదు. పన్నెండేళ్లుగా వరంగల్ నుంచి బ్యాచ్‌లను హిమాలయాలకు తీసుకెళ్తున్నాను. బాగా ఫిట్‌గా ఉన్న కుర్రాళ్ల విషయంలోనే నాకు టెన్షన్ ఎక్కువ. వాళ్లు వేగంగా ఎక్కేస్తారు, పానం బాగాలేకపోతే చెప్పడానికి నామోషీ పడతారు.

పైన గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గదు, ఇక్కడిలాగే 21 శాతం ఉంటుంది. తగ్గేది గాలి ఒత్తిడి. మనాలి దగ్గర మేం దాటే హంప్టా పాస్, అంటే కొండల మధ్య కనుమ, సుమారు 4,270 మీటర్లు. అక్కడ ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ మన హన్మకొండలో అందేదాంట్లో 60 శాతం దాకానే. ఆ తక్కువతో సర్దుకోవడానికి ఒంటికి టైం పడుతుంది. అందుకే 3,000 మీటర్లు దాటాక ఏ రాత్రయినా నిన్న పడుకున్న చోటు కంటే 500 మీటర్ల లోపు ఎత్తులోనే పడుకోవాలి, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగాలి. పగలు ఎంత పైకి వెళ్లొచ్చామన్నది తర్వాతి సంగతి, లెక్క పడుకునే చోటుది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఎత్తు పడకపోతే అది ఎక్కగానే తెలియదు. చాలాసార్లు ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత బయటపడుతుంది. అంటే రాత్రి, టెంట్‌లో. దాంతో తలనొప్పిని చలి మీదికి, నిద్ర మీదికి, రాజ్మా మీదికి నెట్టేస్తారు.

కొన్నేళ్ల కింద ఒక బ్యాచ్‌లో పరకాల దగ్గరి కుర్రాడు ఒకడు వచ్చాడు. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు ప్రాక్టీస్ చేస్తున్నవాడు, 1,600 మీటర్ల పరుగులో ఊళ్లో వాడిదే ఫస్ట్. కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కిన దగ్గర్నుంచి అందరి బ్యాగులూ వాడే మోశాడు. చికా క్యాంపు దాకా అందరికంటే ముందు. మూడు వేల ఆరు వందల మీటర్ల దగ్గరుండే బాలూ కా ఘేరా క్యాంపుకూ ముందే చేరాడు. రాత్రి అన్నం వద్దన్నాడు. టెంట్ వెనక్కి వెళ్లి వాంతి చేసుకుని, ఎవరికీ చెప్పకుండా వచ్చి పడుకున్నాడు. పొద్దున నొప్పి మాత్ర వేసుకుని, "మంచిగనే ఉన్న అన్నా" అన్నాడు. నేను నమ్మాను. అది నా తప్పు. అన్నం ఎందుకు తినలేదని గట్టిగా అడగాల్సింది.

పాస్ రోజు ఎప్పుడైనా కష్టమే. ఎనిమిది, పది గంటల నడక, మొరం మీద కాలు జారుతుంటుంది, ఆరోజు సన్నగా వాన కూడా. సగం ఎక్కాక చూస్తే వీడు అందరికంటే వెనక ఉన్నాడు. ఒక గ్లౌజు లేదు. ఎక్కడ పడేశావంటే నా మొహం వంక చూస్తున్నాడు తప్ప జవాబు లేదు. కర్రతో నేల మీద గీత గీసి, మడమకు వేళ్లు ఆనించి నడవమన్నాను. పొలం ఒడ్ల మీద పెరిగినవాడు, ఆ గీత మీద నాలుగు అడుగులు వేయలేక పక్కకు పడ్డాడు. అంటే మెదడు వాస్తోంది. ఇక ఆలోచించడానికి ఏమీ లేదు, దించాలి.

అక్కడే వాడి దోస్తు నాతో గొడవ పెట్టుకున్నాడు. "ఇంకో గంట అన్నా! పాస్ దాటితే అటు దిగుడే గదా!"

నా ఈ పని మొత్తంలో మనుషుల ప్రాణం మీదికి తెచ్చే మాట ఇదే. పాస్ దాటడం అంటే దిగడం కాదు. ముందు ఇంకా పైకి ఎక్కాలి. దాటాక వచ్చే శియా గోరు క్యాంపు కూడా బాలూ కా ఘేరా కంటే ఎత్తులోనే ఉంటుంది. ఆ రాత్రి అక్కడ వాడి పరిస్థితి ముదిరితే వెనక్కి రావాలన్నా మళ్లీ అదే పాస్ ఎక్కాలి. వచ్చిన దారిలో అయితే అడుగడుగునా ఎత్తు తగ్గుతుంది.

మిగతావాళ్లను రెండో గైడ్‌తో పంపి, వాడికి ఆక్సిజన్ పెట్టి, ఇద్దరం చెరో రెక్క పట్టుకుని దించాం. బాలూ కా ఘేరాలో ఆగలేదు. సాయంత్రం చికా దగ్గరకు వచ్చేసరికి వాడే "చాయ్ ఉన్నదా?" అన్నాడు. ఆ మాట విన్నాక నా కాళ్లలో సత్తువ పోయి అక్కడే కూలబడ్డాను. తెల్లారి నడక మొదలయ్యే జోబ్రాలో బండి ఎక్కించి, మనాలిలో డాక్టర్‌కు చూపించాం.

నొప్పి మాత్ర వేసుకోవడం తప్పు కాదు, వేసుకుని పైకి ఎక్కడమే తప్పు. తలనొప్పితో పాటు వికారమో, కళ్లు తిరగడమో, విపరీతమైన నీరసమో ఉంటే ఆ రోజు అక్కడే ఉండాలి. తగ్గకపోతే దిగాలి. నడక తూలినా, మాట తడబడినా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వచ్చినా అర్ధరాత్రయినా సరే దిగాలి. డబ్బులు కట్టాం, సెలవు పెట్టాం, స్టేటస్‌లో పెట్టేశాం అంటే కొండ వినదు.

"మన పూర్ణ పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కలేదా?" అంటారు. ఎక్కింది, 2014 మే 25న. నిజామాబాద్ జిల్లా అమ్మాయి, మనందరికీ గర్వం. కానీ భువనగిరి గుట్ట మీద, ఆ తర్వాత డార్జిలింగ్‌లో శిక్షణ తీసుకుని వెళ్లింది. ఎవరెస్ట్ మీద వారాల తరబడి ఎక్కుతూ దిగుతూ ఒంటికి అలవాటు చేసుకుంటారు. మీరు శుక్రవారం బయల్దేరి వచ్చే ఆదివారానికి ఇంట్లో ఉండాలంటున్నారు.

ఇక వాట్సాప్ వైద్యం. కర్పూరం వాసన చూస్తే ఆక్సిజన్ రాదు, ముక్కు చల్లబడుతుంది, అంతే. వెల్లుల్లి తింటే ఎత్తు జబ్బు ఆగదు, కూరలో వేసుకోండి. మందు తాగితే వెచ్చగా అనిపిస్తుంది కానీ ఒంట్లో వేడి బయటికి పోతుంది. స్ప్రే డబ్బాలో ఆక్సిజన్ కొన్ని నిమిషాలకే. బిందెలు బిందెలు నీళ్లు తాగినా ఎత్తు జబ్బు ఆగదు, దాహానికి సరిపడా తాగితే చాలు. ఎత్తు జబ్బుకు వాడే డయామాక్స్ మాత్ర పనిచేస్తుంది, కానీ సల్ఫా రకం మందులు పడనివాళ్లు ఉంటారు, డాక్టర్‌ను అడిగే వేసుకోండి. పోయినసారి ఏమీ కాలేదు కాబట్టి ఈసారీ కాదనే గ్యారంటీ లేదు.

భయపడేవాళ్లతో మాత్రం నాకు విసుగు లేదు. కరోనా తర్వాత ప్రతి ఇంట్లో ఆక్సీమీటర్ ఉంది. క్యాంపులో 88 చూపించగానే ఇంటికి ఫోన్ చేసి ఏడ్చినవాళ్లున్నారు. అమ్మా, ఆ ఎత్తులో 90కి కాస్త అటూ ఇటూ ఉండటం మామూలే. హాయిగా తింటూ, నవ్వుతూ, నడుస్తూ ఉంటే ఆ అంకె ఒక్కటే చూసి బెంగపడకండి. ఆ పరకాల కుర్రాడి బ్యాచ్‌లోనే యాభై దాటిన టీచరమ్మ ఒకరు జనగామ నుంచి వచ్చారు. పది అడుగులకోసారి ఆగి, "సార్, నా వల్ల లేటవుతోందా" అని అడుగుతూనే పాస్ దాటారు.

ఆ కుర్రాడు ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నాడు. పోయిన నెల ఫోన్ చేశాడు, మళ్లీ వస్తాడట. రమ్మన్నాను, ఈసారి చికాలో ఒక రోజు ఎక్కువ ఉంటాం, సెలవు చూసి పెట్టుకో అన్నాను. "సరే అన్నా. మా అమ్మ కర్పూరం కట్టిస్త అంటున్నది, ఎంత తేవాలె?" అన్నాడు.

ఫోన్ పెట్టేశాను.